చేతిలో జత... ఎదుట పందెం

పోకర్‌లో మంచి జత రావడం అదృష్టం. ఆ జత ఇంకా మంచిదేనా అన్నది మాత్రం ఎదుటివాడి పందేలు చెబుతాయి. వాటిని చదవడం వచ్చినవాళ్లకీ రానివాళ్లకీ మధ్య ఎంత దూరం ఉందో చూపించే ఆటలు కొన్ని ఉన్నాయి.

2003 మే నెల. లాస్ వేగాస్‌లోని బినియన్స్ హార్స్‌షూ కేసినోలో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీ ఆఖరి ఘట్టానికి వచ్చింది. ప్రవేశ రుసుమే పదివేల డాలర్లున్న ఆ పోటీలో 839 మంది కూర్చుంటే ఇద్దరు మిగిలారు. ఒకరు సామ్ ఫర్హా. లెబనాన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడ్డ వృత్తి ఆటగాడు, ఆడుతున్నంతసేపూ వెలిగించని సిగరెట్ దగ్గర పెట్టుకునే మనిషి. రెండోవాడు క్రిస్ మనీమేకర్. టెన్నెసీకి చెందిన 27 ఏళ్ల అకౌంటెంట్. 86 డాలర్లు కట్టి ఆన్‌లైన్ అర్హత పోటీ గెలిచి అక్కడిదాకా వచ్చాడు. ఇంటిపేరే మనీమేకర్ కావడం యాదృచ్ఛికం.

ఫర్హాకు ఇస్పేటు రాణి, ఆఠీన్ తొమ్మిది పడ్డాయి. మనీమేకర్‌కు ఇస్పేటు రాజు, ఆఠీన్ ఏడు. బల్ల మీద మొదటి మూడు ముక్కలు తెరిచారు: ఇస్పేటు తొమ్మిది, డైమండ్ రెండు, ఇస్పేటు ఆరు. ఫర్హాకు తొమ్మిదుల జత కుదిరింది. బల్ల మీదున్న పెద్ద ముక్కతో కుదిరిన జత కాబట్టి దాన్ని టాప్ పెయిర్ అంటారు. అయినా ఆ దశలో ఇద్దరూ పందెం కాయలేదు. నాలుగో ముక్కగా ఇస్పేటు ఎనిమిది వచ్చింది. ఫర్హా మూడు లక్షల చిప్స్ పెట్టాడు. మనీమేకర్ దాన్ని ఎనిమిది లక్షలకు పెంచాడు. ఫర్హా మిగతాది కట్టాడు. ఐదో ముక్క ఆఠీన్ మూడు. ఎవరికీ ఏమీ కలిసిరాని ముక్క. ఫర్హా చెక్ అన్నాడు, అంటే పందెం కాయలేదు. మనీమేకర్ తన దగ్గరున్నదంతా ముందుకు నెట్టాడు.

అప్పటికి పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందేల్లో, సుమారు 18 లక్షల చిప్స్ ఉన్నాయి. ఆ పందేన్ని సరిపెట్టాలంటే, అంటే కాల్ చేయాలంటే, ఫర్హా అంతకు మించి పెట్టాలి, ఓడితే పోటీ అక్కడితో ముగుస్తుంది. ఆయన చాలాసేపు ఆలోచించాడు. ఎదుటివాడికి ఫ్లష్ (ఒకే రంగు ముక్కలు ఐదు) తప్పిపోయిందేమోనన్న అనుమానాన్ని పైకే అన్నాడు. ఆ అనుమానం అక్షరాలా నిజం. మనీమేకర్ చేతిలో జత కూడా లేదు, ఉత్త రాజు మాత్రమే. అయినా ఫర్హా ముక్కలు పడేశాడు.

టీవీ ముందున్నవాళ్లకు ఇదంతా తెలుసు. ఆటగాళ్ల చేతిలోని ముక్కల్ని ప్రేక్షకులకు చూపించే కెమెరా అప్పటికే వచ్చింది. దాన్ని రూపొందించి 1995లో పేటెంట్ పొందిన హెన్రీ ఒరెన్‌స్టైన్ నాజీ శిబిరాల నుంచి బతికి బయటపడి, అమెరికాలో బొమ్మల వ్యాపారంలో పేరు తెచ్చుకున్న మనిషి. ఆ కెమెరా లేకపోతే పోకర్ చూసేందుకు పనికొచ్చే ఆటే కాదు, ఎందుకంటే పడేసిన ముక్కల్ని ఎవరూ చూపించరు. ఒక సామాన్య ఉద్యోగి వృత్తి ఆటగాడిని ఏమీ లేకుండా పడగొట్టడం లక్షలాది మంది చూశారు. మరుసటి ఏడాది అదే పోటీకి 2,576 మంది వచ్చారు, 2006 నాటికి 8,773 మంది.

ఆ ఆటను బ్లఫ్ చేసినవాడి, అంటే ఉత్త చేత్తో డాబు చూపినవాడి, కథగానే అందరూ చెబుతారు. నేను ఫర్హా వైపు నుంచి చూస్తాను. ఆయన దగ్గరున్న తొమ్మిదుల జత మొదటి నుంచి చివరి దాకా గెలుస్తున్న చేయే. దాన్ని ఓడించింది ముక్క కాదు, పందెం.

మూడు ముక్కల అలవాటు

మన ఊళ్లలో దీపావళికీ సంక్రాంతికీ మూడు ముక్కలాట చూసినవాళ్లకు జత అంటే గౌరవం ఎక్కువ. దానికి కారణముంది. మూడు ముక్కలు పంచితే జత పడే అవకాశం 17 శాతం లోపే. నాలుగింట మూడు సార్లు చేతికి జత కూడా రాదు. అక్కడ రాజుల జత పట్టుకున్నవాడు నిశ్చింతగా పందెం పెంచుకుంటూ పోవచ్చు.

టెక్సాస్ హోల్డెమ్ అనే పోకర్ రకంలో లెక్క తిరగబడుతుంది. ఒక్కొక్కరికి రెండేసి ముక్కలు రహస్యంగా ఇస్తారు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు తెరుస్తారు: ముందు మూడు కలిపి ఫ్లాప్, తర్వాత ఒకటి టర్న్, చివరిది రివర్. ఏడింటిలోంచి మంచి ఐదు ఏరుకోవాలి. ఏడు ముక్కలు చూసినప్పుడు సరిగ్గా ఒక జతతో ముగిసే అవకాశం 43.8 శాతం. రెండు జతలు, అంతకు మించిన చేయి కుదిరే అవకాశం దాదాపు 39 శాతం. అంటే ఒక జత ఇక్కడ మధ్యతరగతి చేయి. ఆటలో నాలుగు సార్లు పందేలు నడుస్తాయి, ప్రతిసారీ పాట్ పెరుగుతుంది. చిన్న పాట్‌లో ఒక జత దర్జాగా గెలుస్తుంది. ఇద్దరి దగ్గరున్నదంతా మధ్యలోకి వచ్చేసరికి అదే జత చాలాసార్లు ఓడే వైపు ఉంటుంది.

ఈ ఆటను డబ్బుతో ఆడమని చెప్పడానికి ఈ కథనం రాయడం లేదు. ఆ మాట ఇక్కడే తేల్చాలి. పేకాటకూ చట్టానికీ మధ్య తెలుగు నేలకు పాత సంబంధం ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుపై పోలీసులు పెట్టిన కేసులోనే సుప్రీంకోర్టు 1967లో రమ్మీని ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటగా చెప్పింది. మూడు ముక్కలాటను కేవలం అదృష్టంగా లెక్కగట్టిందీ ఆ తీర్పే. దేశంలో ఏ పేకాట కేసు వచ్చినా ఆ తీర్పును తిరగేస్తారు. ఆ తర్వాత ఫోన్లలో రమ్మీ వచ్చింది. అప్పులపాలై ప్రాణాలు తీసుకున్న యువకుల వార్తలు మన జిల్లా పేజీల్లో వరసగా చదివాం. 2017లో తెలంగాణ, 2020లో ఆంధ్రప్రదేశ్ తమ చట్టాల్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. ఆ యువకుల ఇళ్లలో జరిగిన నష్టం చూసినవాళ్లెవరూ ఈ కట్టడిని తప్పుపట్టలేరని నా నమ్మకం.

అయితే ఎదుటి మనిషి చర్యల్ని బట్టి అతని దగ్గర ఏముందో ఊహించడమనే విద్య జూదం కంటే పెద్దది. గణితవేత్తలూ కంప్యూటర్ శాస్త్రవేత్తలూ పోకర్ మీద ఏళ్ల తరబడి పనిచేసింది అందుకే.

ఆసులు వచ్చాక

రెండు ఆసులు చేతికి రావడం సగటున 221 ఆటలకు ఒకసారి. అంతకంటే మంచి ఆరంభం లేదు. ఎదురుగా ఒక్కడే ఉండి, వాడి చేతిలో ఏవో రెండు ముక్కలుంటే ఆసులు 85 శాతం గెలుస్తాయి. రాజుల జత ఎదురైనా 80 శాతం పైనే. అదే ఐదుగురు ఎదురుగా నిలబడి చివరిదాకా ఆడితే ఆ అవకాశం సగానికి పడిపోతుంది. ఆసుల్లో మార్పేమీ లేదు. ఎదుట ఎన్ని చేతులుంటే అన్ని రకాలుగా రెండు జతలూ, ఒకే అంకె ముక్కలు మూడూ కుదురుతాయి. అందుకే అనుభవజ్ఞులు పెద్ద జత రాగానే ముందు గట్టిగా పందెం పెంచుతారు. గుంపును పలచబరచడం దాని పని.

రాజుల జతకు ఇంకో చిక్కు ఉంది. ఫ్లాప్‌లో కనీసం ఒక ఆసు కనిపించే అవకాశం 22.5 శాతం. నాలుగైదుసార్లలో ఒకసారి మీ రాజులు రెండో స్థానంలోకి దిగిపోయాయేమోనన్న శంక తప్పదు. ఆ శంకను తీర్చేది బల్ల మీది ఆసు కాదు. దాన్ని చూసి ఎదుటివాడు ఏం చేశాడన్నది.

చిన్న జతలతో కాల్ చేసేవాళ్లను కూడా గుర్తుపెట్టుకోవాలి. చేతిలో మూడుల జతో, ఎనిమిదుల జతో ఉన్నవాడికి ఫ్లాప్‌లో మూడో ముక్క కలిసే అవకాశం దాదాపు 12 శాతం, అంటే ఎనిమిదిన్నరకు ఒకటి. దాన్ని సెట్ అంటారు. అది కలవకపోతే చిన్న నష్టంతో తప్పుకుంటాడు. కలిస్తే మీ ఆసుల్ని మీరు వదల్లేరన్న నమ్మకంతోనే కూర్చుంటాడు. బలమైన జతకు అసలు శత్రువు అతనే, ఎందుకంటే సెట్ బల్ల మీద కనిపించదు.

పందెం ఎంత అడుగుతోంది?

పందేన్ని చదవాలంటే ముందు అది ఎంత రుజువు అడుగుతోందో లెక్కకట్టాలి. పాట్‌లో 1,000 ఉంది. ఎదుటివాడు 500 పెట్టాడు. మీరు 500 పెట్టి మొత్తం 2,000 కోసం పోటీపడుతున్నారు. నాలుగింట ఒకసారి గెలిస్తే చాలు, నష్టం లేదు. అతను 1,000 పెడితే మూడింట ఒకసారి గెలవాలి. పాట్‌కు రెట్టింపుగా 2,000 పెడితే 40 శాతం గెలవాలి. పందెం పెరిగేకొద్దీ మీ జత మీద మీకు ఉండాల్సిన నమ్మకం పెరగాలి. అదే సమయంలో పెద్ద పందెం కాచేవాడు తన అబద్ధానికి ఎక్కువ ధర కడుతున్నాడన్నదీ నిజమే. ఈ రెండూ ఒకేసారి మనసులో ఉంచుకోవడం కొత్తవాళ్లకు చాలా కష్టం. వాళ్లు అంకె చూసి భయపడతారు, లేదంటే అంకె చూసి పౌరుషపడతారు.

తర్వాతి మెట్టు లెక్కపెట్టడం. ఇదే పోకర్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, ఎందుకంటే ఇక్కడ ఊహ అంకెల్లోకి మారుతుంది. మీ చేతిలో ఆసు, రాజు ఉన్నాయనుకుందాం. ఫ్లాప్‌లో రాజు, ఎనిమిది, మూడు వచ్చాయి, మూడూ వేర్వేరు రంగులు. మీకు టాప్ పెయిర్, పక్కన ఆసు. దీనికంటే మంచి ఒక జత ఆ బల్ల మీద ఆసులకే సాధ్యం. మీరు పందెం కాశారు, ఒకడు కాల్ చేశాడు. అతని దగ్గర ఏముండొచ్చు?

మిమ్మల్ని ఓడించే ముఖ్యమైన చేతులు మూడు. రాజుల జత: మిగిలిన రాజులు రెండే కాబట్టి అది ఒక్క రకంగానే సాధ్యం. ఎనిమిదుల జత మూడు రకాలు, మూడుల జత మూడు రకాలు. మొత్తం ఏడు. మీరు ఓడించేవాటిలో రాజు రాణి ఎనిమిది రకాలు, రాజు జాకీ ఎనిమిది రకాలు. అవే పదహారు. మామూలు కాల్‌కి అర్థం ఇంతే: మీరు ముందున్నారు, మళ్లీ పందెం కాయండి.

టర్న్‌లో ఐదు వచ్చింది. ఎవరికీ పెద్దగా ఉపయోగం లేనిది. మీరు మళ్లీ కాశారు. ఇప్పుడతను రైజ్ చేశాడు, అంటే మీ పందేన్ని ఇంకా పెంచాడు. మీ చేతిలో ముక్కలు అవే, బల్ల మీద కొత్తగా భయపెట్టేదేమీ లేదు. కానీ లెక్క మొత్తం మారిపోయింది. రాజు రాణి పట్టుకున్నవాడు రెండు పెద్ద పందేలు చూశాక రైజ్ చేయడు. మీరు వదలకూడదు, తను ఓడకూడదు అనుకుంటూ మెల్లగా కాల్ చేస్తాడు. ఆ పదహారు రకాలూ ఒక్కసారిగా మాయమయ్యాయి. రాజుల జత ఉన్నవాడు ముందే పందెం పెంచి ఉండేవాడు. బల్ల మీద రంగులు కలవలేదు కాబట్టి ఫ్లష్ కోసం వేచి చూస్తున్నవాడూ లేడు. మిగిలినవి ఎనిమిదుల సెట్, మూడుల సెట్. ఆరు రకాలు, ఆరూ మిమ్మల్ని ఓడించేవే. అక్కడ ముక్కలు పడేయగలగడం గొప్ప ఆట. ఇంగ్లిష్‌లో ఆడేవాళ్లు దీన్ని బలూగా సిద్ధాంతం అని పిలుచుకుంటారు: టర్న్‌లో రైజ్ వస్తే ఒక జత విలువను మొదటి నుంచీ తిరిగి తూచు.

ఇప్పుడు అదే ఫ్లాప్‌లో రాజు, ఎనిమిది రెండూ ఇస్పేట్లని మార్చి చూడండి. రైజ్ చేసినవాడు ఇస్పేట్ల ఫ్లష్ కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు. ఆసు రాణి, ఆసు జాకీ, ఆసు పది, రాణి జాకీ, రాణి పది, జాకీ పది, పది తొమ్మిది, ఏడు ఆరు. ఇస్పేట్లలో ఇలాంటివి ఒక్కోటి ఒక్క రకమే, అయినా ఎనిమిది తేలాయి. సెట్లు ఆరు, వేచి చూసే చేతులు ఎనిమిది. ఇక్కడ జతను పడేయడం తొందరపాటు. మీ చేతిలో ఉన్నది ఇస్పేటు ఆసే అయితే? ఆ ఎనిమిదిలో మూడు చెరిగిపోతాయి, మిగిలేవి ఐదే. తూకం మళ్లీ కిందికి. ఒక్క ముక్క రంగు నిర్ణయాన్ని తిప్పేసింది. చేతిలోని జత ముఖమే చూస్తూ ఆడేవాడికి ఇదేమీ కనిపించదు.

నిశ్శబ్దం కూడా పందెమే

1988 వరల్డ్ సిరీస్ ఫైనల్‌ను పోకర్ సినిమా 'రౌండర్స్' చూసినవాళ్లు గుర్తుపడతారు. 1998లో వచ్చిన ఆ సినిమాలో అసలు ఆట దృశ్యాన్నే వాడుకున్నారు. అంతకుముందు ఏడాది విజేత జానీ చాన్ ఒకవైపు, ఎరిక్ సైడెల్ రెండోవైపు. ఫ్లాప్‌లో రాణి, పది, ఎనిమిది. సైడెల్ చేతిలో రాణి, ఏడు. ఆయనకు టాప్ పెయిర్. చాన్ చేతిలో జాకీ, తొమ్మిది. ఎనిమిది నుంచి రాణి దాకా వరస అక్కడికక్కడే పూర్తయింది. దానికి మించిన చేయి ఆ బల్ల మీద లేదు. చాన్ తొందరపడలేదు, వేచి చూశాడు. ఆ నెమ్మదిని చూసిన సైడెల్ చివర్లో రాణుల జతతో ఉన్నదంతా పెట్టేశాడు. చాన్ వరసగా రెండోసారి విజేత.

సైడెల్ చిన్న ఆటగాడు కాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఇదే సిరీస్‌లో పది టైటిల్ బ్రేస్‌లెట్లు గెలిచాడు. ఆ రోజు ఆయన పొరపాటు ఎక్కడంటే, ఎదుటివాడు అరవలేదు కాబట్టి అతని దగ్గర ఏమీ లేదనుకోవడంలో. రాణి, పది, ఎనిమిది లాంటి బల్ల మీద వరసలూ, వరసకు దగ్గరగా ఉన్న చేతులూ కుప్పలు. అలాంటి చోట ప్రపంచ విజేత పాట్‌లో ఉండి పందెం పెంచడం లేదంటే, అది బలహీనతైనా కావాలి, ఉచ్చైనా కావాలి. ఉన్నదంతా పెట్టే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: నా పందేనికి నాకంటే తక్కువ చేయి ఏది కాల్ చేస్తుంది? సమాధానం ఒక్కటీ దొరక్కపోతే ఆ పందెం మీ కోసం కాస్తున్నది కాదు.

రెండు కొసలు, మధ్యలో జత

బ్లఫ్ అనేది గడుసుతనం అనుకునే కాలంలో దానికి గణితంలో చోటు చూపించినవాడు జాన్ వాన్ నాయ్‌మన్. 1928లో ఆటల సిద్ధాంతంపై రాసిన పత్రంతో మొదలుపెట్టి, 1944లో ఆర్థికవేత్త ఆస్కర్ మార్గెన్‌స్టెర్న్‌తో కలిసి తెచ్చిన పెద్ద గ్రంథంలో ఒక చిన్న పోకర్ నమూనాను పూర్తిగా విడగొట్టి చూపించాడు. అందులో తేలిన విషయం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. సరిగ్గా ఆడేవాడు తన అత్యుత్తమ చేతులతో పందెం కాస్తాడు, అతి చెత్త చేతులతోనూ కాస్తాడు. మధ్యరకం చేతులతో చెక్ అంటాడు. చెత్త చేతికి పందెం తప్ప గెలిచే దారి లేదు. మధ్యరకం చేతికి చూపించుకుంటే గెలిచే అవకాశం ఎలాగూ ఉంది, పందెం కాసి దాన్ని పాడుచేసుకోనక్కర్లేదు.

రివర్ దగ్గర ఎదుటివాడు పెద్ద పందెం కాశాడంటే అతను ఈ రెండు కొసల్లో ఏదో ఒకచోట ఉన్నాడని అర్థం. మీ ఒక జత ఎంత అందమైనదైనా ఆ క్షణంలో దానికి ఒకే పని మిగులుతుంది: అబద్ధాన్ని పట్టుకోవడం. తొమ్మిదుల జతైనా, ఆసుల జతైనా చాలాసార్లు తేడా ఉండదు. నిజాన్ని రెండూ ఓడించలేవు, అబద్ధాన్ని రెండూ ఓడిస్తాయి. కనుక అడగాల్సింది ఎదుటివాడి కథలో అబద్ధానికి ఎన్ని దారులున్నాయన్నదే.

ఈ తూనికలో ఫర్హా ఆటను పెట్టి చూద్దాం. టర్న్‌లో మూడో ఇస్పేటు రాగానే మనీమేకర్ రైజ్ చేశాడు. ఫ్లష్ ఉంటే అలాగే చేస్తాడు. వరస ఉన్నా అంతే. ఒక పెద్ద ఇస్పేటు ఒంటరిగా పట్టుకుని ఇంకొక దాని కోసం చూస్తున్నా అంతే చేస్తాడు. నిజానికి ఆ దశలో మనీమేకర్‌ది ఉత్త డాబు కూడా కాదు. కనిపించని 44 ముక్కల్లో అతన్ని గెలిపించేవి పదిహేడు: ఎనిమిది ఇస్పేట్లు, వరస పూర్తిచేసే మిగతా ఐదులూ పదులూ ఆరు, రాజులు మూడు. దాదాపు 39 శాతం. ఆ పదిహేడూ రివర్‌లో తప్పిపోయాయి, కథ మాత్రం ఆగలేదు. నిజమైన ఫ్లష్ ఉన్నవాడు చెప్పే కథనే చివరి పందెం దాకా చెప్పాడు.

ఫర్హా చేతిలో ఇస్పేటు రాణి ఉండటం రెండువైపులా పదునున్న కత్తి. ఎదుటివాడికి ఫ్లష్ ఉండే రకాల్ని అది కొన్ని తగ్గిస్తుంది. రాణి పట్టుకుని ఫ్లష్ తప్పిపోయిన రకాల్నీ అదే తగ్గిస్తుంది. పాట్‌కు మించిన పందెం కాబట్టి ఆయన మూడింట ఒకసారి కంటే ఎక్కువగా గెలవాలి. అలాంటి చోట పడేయడాన్ని పిరికితనం అని కొట్టిపారేయలేం.

నా ఉద్దేశంలో ఆ ఆట పోయింది రివర్‌లో కాదు, ఫ్లాప్‌లో. అక్కడ ఫర్హాకు తొమ్మిదుల జత ఉంది. మనీమేకర్‌కు ఏమీ లేదు: జత లేదు, దగ్గర్లో వరస లేదు, ఇస్పేట్లు కూడా ఇంకా రెండు పడితే తప్ప ఫ్లష్ లేదు. అక్కడ ఒక మామూలు పందెం పడి ఉంటే ఆ ఆట చాలామటుకు అక్కడే ముగిసేది. చెక్ అనడం వల్ల నాలుగో ముక్క ఉచితంగా తెరుచుకుంది, దానితోపాటే పదిహేడు దారులూ తెరుచుకున్నాయి. పైగా ఫ్లాప్‌లో ఇద్దరూ మౌనంగా ఉండటంతో తర్వాతి పందేల్ని పోల్చి చూడటానికి ఫర్హా దగ్గర ముందు మాట ఏదీ లేకుండా పోయింది. బలమైన జతతో పందెం కాయడానికి డబ్బు రాబట్టడం ఒక కారణమైతే, సమాచారం రాబట్టడం రెండో కారణం. కాల్ చేశాడా, రైజ్ చేశాడా, పడేశాడా అన్న మూడు సమాధానాల్లో ఏదొచ్చినా తర్వాతి మెట్టు వెలుగులో ఉంటుంది.

ఆ తర్వాత వచ్చిన ఆఖరి ఆటలోనూ ఫర్హాది టాప్ పెయిరే. చేతిలో జాకీ, పది. ఫ్లాప్‌లో జాకీ, ఐదు, నాలుగు. ఈసారి ఫర్హా వెనక్కి తగ్గలేదు. పందెం కాశాడు, మనీమేకర్ పెంచితే ఉన్నదంతా పెట్టాడు. మనీమేకర్ చేతిలో ఐదు, నాలుగు. రెండు జతలు. రివర్‌లో ఇంకో ఐదు పడి ఫుల్ హౌస్ అయింది. మనీమేకర్‌కు 25 లక్షల డాలర్లు, ఫర్హాకు 13 లక్షలు.

ఫలితాన్ని బట్టి చూసేవాళ్లు రెండో ఆటను తప్పంటారు. నేను ఒప్పుకోను. ఇద్దరే ఆడుతున్నప్పుడు ఇద్దరూ దాదాపు ఏ ముక్కలతోనైనా ఆడతారు, అక్కడ టాప్ పెయిర్ పెద్ద చేయి. ఫ్లాప్ దగ్గర రైజ్ చేసినవాడి దగ్గర చిన్న జాకీ, ఫ్లష్ కోసం చూసే చేయి, ఉత్త బ్లఫ్ అన్నీ ఉండొచ్చు. ఐదు నాలుగు ఉండటం ఆ రోజు జరిగిన సంగతి. ముక్కలు తెరిచాక తెలిసినదాన్ని ముందే తెలిసి ఉండాల్సిందిగా లెక్కవేయడం పోకర్ చూసేవాళ్లు చేసే అతి పెద్ద అన్యాయం. డేవిడ్ స్క్లాన్‌స్కీ తన పోకర్ సిద్ధాంత పుస్తకంలో ఆదర్శాన్ని చెప్పాడు: ఎదుటివాడి ముక్కలు కనిపిస్తే ఎలా ఆడతావో దానికి ఎంత దగ్గరగా ఆడితే అంత మేలు. ఆ దగ్గరితనం ఒక్క ఆటలో తేలదు.

ముఖం కన్నా పందెం

సినిమాల్లో పోకర్ అంటే నల్లకళ్లద్దాలు, చెమట పట్టిన నుదురు. మైక్ కారో 1984లో ఆటగాళ్ల శరీర భాషపై ఒక పుస్తకమే వేశాడు. బలంగా నటించేవాడు తరచు బలహీనుడు, నిట్టూర్చి నిరాశ నటించేవాడు తరచు బలవంతుడన్నది అందులోని ముఖ్యమైన గమనింపు. అనుభవం లేనివాళ్ల మీద అది పనిచేస్తుంది. పెద్ద పోటీల్లో అందరూ రాయిలా కూర్చుంటారు. దాచలేనిది పందెమే. ఎప్పుడు కాశాడు, ఎంత కాశాడు, కిందటిసారి ఎంత కాశాడు, ఏ సీట్లోంచి మొదలుపెట్టాడు. మొదట మాట్లాడాల్సిన సీట్లోంచి పందెం పెంచినవాడి వెనక ఇంకా ఏడెనిమిది మంది ఉంటారు, వాడి దగ్గర సరుకు ఉండి తీరాలి. అందరూ తప్పుకున్నాక చివరి సీట్లోంచి పెంచినవాడి మాటకు అంత బరువు ఇవ్వక్కర్లేదు.

2017 జనవరిలో ముఖమే లేని ఆటగాడు వచ్చాడు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో టువోమాస్ శాండ్‌హోమ్, నోమ్ బ్రౌన్ తయారుచేసిన లిబ్రేటస్ అనే ప్రోగ్రామ్ పిట్స్‌బర్గ్‌లోని రివర్స్ కేసినోలో నలుగురు వృత్తి ఆటగాళ్లతో ఒక్కొక్కరితో విడివిడిగా ఆడింది. ఇరవై రోజులు, 1,20,000 ఆటలు. చివరికి మనుషుల మీద 17 లక్షల 66 వేల డాలర్ల విలువైన చిప్స్ ఆధిక్యం. పగలు ఆడి, రాత్రి సూపర్ కంప్యూటర్ మీద తన ఆటలోని కంతలు పూడ్చుకునేది. ఆ నలుగురూ రాత్రిళ్లు కలిసి కూర్చుని దాని బలహీనతలు వెతికేవాళ్లు. పొద్దున్నే వెళ్లేసరికి అవి ఉండేవి కావు.

వాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెట్టినవాటిలో ఒకటి పాట్‌ను ఎన్నో రెట్లు మించిన పందేలు. అప్పటిదాకా మనుషులు సగం పాట్, ముప్పావు పాట్ లెక్కన కాసేవాళ్లు. చిన్న పాట్‌లో హఠాత్తుగా కొండంత పందెం ఎదురైతే మంచి టాప్ పెయిర్ పట్టుకున్నవాడికి ఊపిరాడదు. వాన్ నాయ్‌మన్ కాగితం మీద చూపిన రెండు కొసల్ని ఆ యంత్రం పట్టుదలగా ఆచరణలో పెట్టింది: అత్యుత్తమ చేయి, అతి చెత్త చేయి, రెంటికీ ఒకే అంకె. ముఖం లేదు, వణుకు లేదు, కథలో అతుకు లేదు.

ఆ తర్వాత వృత్తి ఆటగాళ్ల అభ్యాసం మారింది. అంత పెద్ద పందేనికి ప్రతిసారీ పడేస్తే దోపిడీకి గురవుతారు, ప్రతిసారీ కాల్ చేస్తే మునిగిపోతారు. కాబట్టి తమ జతల్లో కొన్నిటితో కాల్ చేసి కొన్నిటిని వదలాలి. ఏవి ఏవన్నది ధైర్యాన్ని బట్టి తేల్చరు. తమ చేతిలోని ముక్క ఎదుటివాడి ఫ్లష్‌ను అడ్డుకుంటోందా, లేక తప్పిపోయిన చేతుల్ని అడ్డుకుంటోందా అని చూస్తారు. ఇప్పటి పెద్ద పోటీల్లో ఒకే పందేనికి ఒకడు ఆసు పక్కనున్న రాజుల జతను వదిలేసి, మరొకడు అంతకంటే చిన్న జతతో కాల్ చేయడం కనిపిస్తుంది. ఆ తేడా చాలాసార్లు జతలో ఉండదు, పక్కనున్న రెండో ముక్క రంగులో ఉంటుంది.